ఖాళీ బీడీ గూడు

సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూ సదానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. బీడీ మానెయ్యాలి, ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. రెండో ముక్కే అసలు పథకం. మొదటి ముక్క అతను ఇదివరకు చాలాసార్లు చేసిందే.

చెప్పి మానడంలో ఉన్న నష్టం అతనికి బాగా తెలుసు. అది అప్పు చేసి పెళ్లి చేసినట్టు. ఊరంతా సాక్షులే, మళ్లీ వెలిగించిన రోజు అందరూ వడ్డీతో సహా వసూలుకు వస్తారు. "బోనాలకు మానిండు, బతుకమ్మకు మొదలువెట్టిండు" అని భార్య జమున ఇప్పటికీ వాడకట్టంతా చెబుతుంది. కాబట్టి ఈసారి రొక్కం బేరం. మాట ఇచ్చేది లేదు, మాట పోయేదీ లేదు.

ఈ బేరానికి దింపింది దవాఖానలో డాక్టరు. బాయి అని అక్కడివాళ్లు పిలిచే బొగ్గు గనిలో పనివాళ్లందరికీ జరిగే పరీక్షలో ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, "బొగ్గు దుమ్ము లోపలికి పోయినందుకు కంపెనీ నీకు జీతమిస్తుంది. బీడీ పొగ లోపలికి పోయినందుకు ఎవరిస్తున్నరు?" అని అడిగాడు. "ఊపిరి గొట్టాలు ఇప్పటికే ఇరుకైనయి. మానితే ఇక్కడికి ఆగుతది. మానకుంటే ఇంకో రెండేండ్లకు బాయి దిగుడు సరే, ఎక్కుడు నీతోని కాదు. తర్వాత నీ ఇష్టం" అని ఫిల్మును కవరులో పెట్టి చేతికిచ్చాడు. రిటైరయ్యేదాకా బాయిలోంచి పైకొచ్చే ఏటవాలు దారిని రోజూ ఎక్కక తప్పని మనిషికి అంతకన్నా లెక్క చెప్పనవసరం లేదు.

అయితే గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగే మనిషి బీడీ మానడం, ఇంకో ఊళ్లో మానడం ఒకటి కాదు. బాయిలో అంటుకునే గ్యాసు ఉంటుంది. నిప్పురవ్వ దిగితే మనుషులు ఎక్కిరారు. అందుకని దిగేముందు గేటు కాపలాదారు ఎల్లన్న ప్రతి మనిషినీ తడిమి చూస్తాడు. ఆ గేటుకు ఎదురుగా చాయ్, బీడీలు అమ్మే వీర్రాజు దుకాణం. దాని గోడకు చెక్క గూళ్లు. షిఫ్టుకు వచ్చినవాళ్లు తమ బీడీ కట్ట, అగ్గిపెట్టె ఎవరి గూట్లో వాళ్లు పెట్టి దిగుతారు, పైకి రాగానే తీసుకుంటారు. గూళ్ల మీద పేర్లుండవు, అయినా ఎవరూ పొరబడరు. ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ వీర్రాజు దాచినందుకు ఏమీ పుచ్చుకోడు. దాచుకున్న మనిషి తీసుకోవడానికి రాక తప్పదు, వచ్చినవాడు చాయ్ తాగకుండా పోడు. ఆ లెక్క ఆయనకు చాలు.

సోమవారం సదానందం దుకాణం ముందు నుంచి తిన్నగా నడిచిపోయాడు.

"సదానందం గారూ! కట్ట పెట్టకుండా వెళ్లిపోతున్నారేంటండీ?"

"ఇంట్ల మర్చిపోయిన సేటూ."

మంగళవారం కూడా మర్చిపోయాడు. వీర్రాజు లెక్క వేసుకున్నాడు. ఇన్నేళ్ల ఖాతాదారు ఒకరోజు మర్చిపోతే మరుపు, రెండోరోజు కూడా మర్చిపోతే పక్క దుకాణం. ఆ సాయంత్రం చాయ్‌కి వచ్చిన ఎల్లన్న దగ్గర ఆయన బాధ వెళ్లబోసుకున్నాడు. "ఆయన గూడు రెండ్రోజులుగా ఖాళీగా ఉందండి. నావల్ల ఏవన్నా తప్పు జరిగిందేమో కనుక్కుని చెబుదురూ."

ఎల్లన్న గ్లాసు కింద పెట్టాడు. అతని లెక్క వేరు. సదానందం బీడీ తాగకుండా ఉండలేడు. కట్ట గూట్లో లేదు. అంటే జేబులో ఉంది.

బుధవారం పొద్దున గేటు దగ్గర లైను ఆగిపోయింది. ఎల్లన్న సదానందం జేబులు, నడుము, బూట్లు చూశాడు. టోపీ విప్పించి అంచు లోపల వేలు పెట్టి తిప్పాడు. టిఫిన్ గిన్నె మూత తీసి, చెంచాతో అన్నం కలియబెట్టాడు.

"పప్పన్నం ఎల్లన్నా. కావాలంటే తిను."

"గీ డబ్బా ఏంది?"

"లవంగాలు, పటికబెల్లం."

"ఎందుకు?"

"నోట్లె ఏసుకునేటందుకు."

"ఇన్నేండ్లు లేని నోరు ఇప్పుడెక్కడిదన్నా నీకు?"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. బీడీ మానేశానని చెబితే ఆ క్షణంలోనే ముగిసిపోయేది. కానీ చెబితే రొక్కం బేరం అప్పు బేరం అయిపోతుంది. సదానందం డబ్బా కోసం చెయ్యి చాచాడు. ఎల్లన్న డబ్బా మూసి ఇచ్చేసి, పక్కనున్న భూపాల్ చెవిలో, "ఏం దొరకలే. అంటే మస్తు దాచిండన్నట్టు. జర కనిపెట్టు" అన్నాడు. భూపాల్ సదానందం పక్కన పని చేసేవాడు.

కింద టిఫిన్ వేళకు సదానందం ప్రాణం బీడీ కోసం కొట్టుకుపోతోంది. తోటివాళ్లు తంబాకు నలుపుతూ, పైకి పోగానే ముట్టించబోయే మొదటి బీడీ గురించి పెళ్లికూతురి గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నారు. ఆ మాటలు వినలేక అతను మలుపు అవతలికి పోయి సంచుల మీద కూర్చున్నాడు. అవి సున్నపురాయి పొడి సంచులు. బొగ్గు దుమ్ముకు నిప్పు అంటుకోకుండా గోడలకు చల్లే తెల్లటి పొడి. పైసంచి చిరిగి ఉంది. సదానందం ఒక లవంగం పెదాల మధ్య పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆశ పొంగినప్పుడల్లా అరచేత్తో సంచి మీద ఒకటి చరుస్తున్నాడు. చరిచినప్పుడల్లా తెల్లటి పొడి లేచి, టోపీ దీపం వెలుగులో అతని మొహం చుట్టూ మెల్లగా సుడులు తిరుగుతోంది.

మలుపు దాకా వచ్చిన భూపాల్ చూసింది ఇదే. వంగిన తల, పెదాల మధ్య ఏదో నల్లగా, చుట్టూ తెల్లటి పొగ. అతను వెనక్కి తిరిగి ఉరికాడు.

"సర్దార్! సదానందం కాక గుంజుతుండు!"

"ఏం గుంజుతుండురా?"

"బీడీ! నా కండ్లతోని జూసిన! పొగ కమ్ముకున్నది!"

కింద పనినీ మనుషులనూ చూసుకునే ఆ సర్దార్ అనుభవం ఉన్న మనిషి. ముందు మనుషులు, తర్వాత విచారణ. ఈల ఊదాడు. అందరూ పైకి పరుగు. ఆ కేకల్లో సదానందానికి వినబడింది "పొగ" ఒక్కటే. అతను ఎవరికంటే ముందుగా ఉరికి, కనిపించినవాడినల్లా తోస్తూ, "జల్ది నడువుండ్రి, పొగొచ్చిందట!" అని అరుస్తూ ఏటవాలు ఎక్కేశాడు. భయం అతనికి కాస్త ఊపిరి అప్పిచ్చింది. పైకి చేరగానే వెంటనే వసూలు చేసుకుంది. నేల మీద కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు.

"సూడుండ్రి, ఎట్ల దగ్గుతుండో! ఇంక సాక్ష్యమెందుకు?" అన్నాడు వెనకే వచ్చిన భూపాల్.

అప్పుడు తెలిసింది సదానందానికి, తాను పారిపోయి వచ్చింది తన నుంచేనని.

ఆఫీసు ముందు షిఫ్టంతా చేరింది. మేనేజరు మొహం ఎర్రబడి ఉంది. "బాయిలో బీడీ తాగడమంటే ఏంటో తెలుసా? ఇంతమంది ప్రాణాలు! ఛార్జిషీటుతో ఆగదు. ఉద్యోగం పోతుంది."

యూనియన్ లీడర్ లింగమూర్తి జనాన్ని తోసుకుని వచ్చాడు. సంగతి సగమే విన్నాడు. ఉపన్యాసానికి సగం చాలు. "సార్! తాగుడు, తాగకపోవుడు కార్మికుని సొంత ఇష్టం! దాని మీద మేనేజిమెంటు చెయ్యి పడితే ఊకునేది లేదు!"

"అన్నా, నువ్వు జర ఆగే," అన్నాడు సదానందం దగ్గుల మధ్య. "నేను తాగలే."

"నువ్వు భయపడకు. తాగిన అని ధైర్యంగ చెప్పు. నీ ఎనక మేమున్నం."

ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. సదానందం లేచి నిలబడి, తన మూట అందరి ముందూ విప్పేశాడు. "నేను బీడీ మానేసిన!"

షిఫ్టు షిఫ్టంతా పగలబడి నవ్వింది. లింగమూర్తి కూడా నవ్వాడు. సర్దార్ కళ్లు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆటో దిగింది జమున. బాయి దగ్గర పొగ అన్న మాట కాలనీ చేరేసరికి, సదానందం బాయికి నిప్పు పెట్టాడనే దాకా పెరిగింది. మొగుడు నిలబడి ఉండటం చూసి ముందు ఊపిరి పీల్చుకుంది, తర్వాత కొంగు దోపుకుంది.

"నువ్వే చెప్పమ్మా," అన్నాడు మేనేజరు. "మీ ఆయన బీడీ మానేశాడా?"

జమున అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. "ఎప్పుడు మానిండు సార్? మానితే మొదలు నాకే చెప్తడు. మల్ల మొదలువెట్టినప్పుడే చెప్పడు."

జనం మళ్లీ నవ్వారు. "సదానందం గారు మూడ్రోజులుగా నా దగ్గర కట్ట కొనలేదండి!" అని వీర్రాజు రోడ్డు అవతలి నుంచి అరిచాడు గానీ, "నీ దగ్గర కాకుంటే దునియాల దుకాణాలే లేవా?" అని ఎల్లన్న కొట్టిపారేశాడు. వీర్రాజు మొహం చిన్నబోయింది. ఆయన భయపడ్డదీ అదే.

మేనేజరు చెయ్యెత్తాడు. "గొడవ వద్దు. సర్దార్, నీ గ్యాస్ మీటరు ఇటియ్యి." అది బాయిలో ఎక్కడైనా బొగ్గు రాజుకుంటే పుట్టే విషవాయువును పసిగట్టే చేతి మీటరు. "బీడీ తాగినవాడి ఊపిరిలో కూడా ఇదే గ్యాసు ఉంటుంది. మూడు రోజులుగా మానినవాడైతే మీటరు నోరు మూసుకుంటుంది. తాగినవాడైతే అదే అరుస్తుంది. ఎట్లా ఊదాలో అందరూ చూడండి" అని, మీటరు నోటి దగ్గర పెట్టుకుని నిండుగా ఊది చూపించాడు.

మీటరు కీచుమని అరిచింది. ఎర్ర దీపం వెలిగి ఆరుతూ ఉంది.

ఎవరూ నవ్వలేదు. మేనేజరును చూసి నవ్వే హక్కు షిఫ్టులో ఎవరికీ లేదు. కాని మొహాలన్నీ ఆయన ఆఫీసు కిటికీ వైపు తిరిగాయి. అక్కడ యాష్‌ట్రేలో సిగరెట్టు ఇంకా కొద్దిగా పొగలు కక్కుతోంది.

"మీటరు బాగలేనట్టుంది," అన్నాడు మేనేజరు.

"మస్తుగున్నది సార్," అంది జమున.

మీటరు అరుపు ఆగాక సదానందానికి ఇచ్చారు. అతను కళ్లు మూసుకుని, దగ్గు పోగా మిగిలిన ఊపిరంతా ఊదాడు. మీటరు పలకలేదు. మళ్లీ ఊదించారు. పలకలేదు. సర్దార్ వంగి అంకె చూసి మేనేజరుకు చూపించాడు. భూపాల్ మళ్లీ కిందికి దిగి మలుపు దగ్గరికి పోయి, చిరిగిన సంచి, దాని మీద అరచేతి గుర్తులు చూసి వచ్చి తల దించుకున్నాడు. ఛార్జిషీటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"నిజంగనే మానినవా?" అంది జమున మెల్లగా. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతుంటివా?"

జమున ఆలోచించింది. "లేదు" అని ఒప్పుకుంది.

తెల్లారి గేటు దగ్గర ఎల్లన్న మళ్లీ టిఫిన్ గిన్నె మూత తీశాడు.

"నిన్న అందరి ముంగట రుజువైంది గదనే!"

"నిన్నటిది నిన్నటికే అన్నా. గూడు ఖాళీగుంటే నేను ఎతకాలె. నా డ్యూటీ. నువ్వు తాగుడు, తాగకపోవుడు నీ ఇష్టం."

వెనక లైనంతా హాజరుకు లేటవుతుందని గొణిగింది. సదానందం లెక్క వేసుకున్నాడు. రోజూ అన్నం కలియబెట్టించుకోవడం కన్నా ఒక కట్ట కొని గూట్లో పడేయడం చవక. వెనక్కి నడిచి, వీర్రాజు దగ్గర కట్ట కొని, గూట్లో పెట్టాడు. ఎల్లన్న దూరం నుంచే చూసి చెయ్యి ఊపి పంపించాడు.

ఆ ఒక్క కట్టతో సరిపోయేదే. కాని సదానందం తాగడన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. పైకి రాగానే భూపాల్ ఒకటి, లింగమూర్తి ఒకటి, డ్యూటీ దిగిన ఎల్లన్న ఒకటి, "కాక తాగడు గదా" అనుకుంటూ తీసుకుంటారు. పొద్దుగూకేసరికి గూడు ఖాళీ. మర్నాడు కొత్త కట్ట.

ఇది జరిగి ఏడాది దాటింది. సదానందం ఇప్పుడు ఏటవాలు నడుమ ఎక్కడా ఆగడు. పైకి చేరి, అతని బీడీలు తాగేవాళ్లు రొప్పుతూ వచ్చేదాకా నిలబడి చూస్తాడు. అతను బీడీ ముట్టకుండా ఎంతకాలమైందో జమునకు తెలుసు, డాక్టరుకు తెలుసు. వీర్రాజు లెక్క మాత్రం ఒక్కటే: ఈ మధ్య తన దుకాణంలో సదానందం కొన్నన్ని బీడీలు కొనేవాడు ఇంకొకడు లేడు.