ఫిర్యాదుల పెట్టెకు రిబ్బను

ఫిర్యాదుల పెట్టె తాళంచెవి పోయిందని పిల్లల ఈత కేంద్రంలో తెలిసింది సరిగ్గా తనిఖీ రోజు పొద్దున్నే. ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పెట్టెను ఎవరైనా తెరిస్తే కదా! మేనేజరు నెలనెలా రిజిస్టరులో "ఫిర్యాదులు లేవు" అని రాసి సంతకం పెడుతూ వచ్చాడు, అంతే.

ఆ పెట్టెలో ఒక కాగితం ఆయాది. ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని కోచ్ సామాన్ల గదిలో పెట్టి గడియ వేస్తున్నాడని రాసింది. అంతకుముందు నోటితో రెండుసార్లు చెప్పి చూసింది. "పతకాలు తెచ్చిపెట్టే మనిషి. చూద్దాంలేమ్మా," అన్నాడు మేనేజరు. చూడలేదు. నిన్న ఆ గదిలోంచి బయటపడ్డ ఆరేళ్ల పిల్ల, వాళ్లమ్మ వచ్చేదాకా ఆయా చెయ్యి వదల్లేదు.

మేనేజరు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల కాగితాలు గలగలమన్నాయి. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిండా ఉన్నట్టుంది సార్," అంది ఆయా.

"నువ్వూరుకో! పదకొండింటికి ఆ తనిఖీ మేడమ్ దిగుతుంది. గోడకి కొత్త పెట్టె తగిలించేస్తా."

పాతదాన్ని ఎవరూ పోల్చుకోకూడదని, ఎవరి పుట్టినరోజుకో తెచ్చి మిగిలిన పూల కాగితం తనే చుట్టి, తన బల్ల కింద తోశాడు.

తనిఖీకి వచ్చే మేడమ్‌కి ఇవ్వడానికి జ్ఞాపిక తెమ్మని గుమస్తాకు వారం క్రితమే చెప్పారు. అతను శుభ్రంగా మరిచిపోయాడు. హాల్లో తల్లిదండ్రులతో సభ మొదలయ్యాక గుర్తొచ్చి, చెమటలు కక్కుకుంటూ మేనేజరు గదిలోకి పరిగెత్తాడు. బల్ల కింద పూల కాగితం కనిపించగానే ప్రాణం లేచొచ్చింది.

"సార్‌కి ఎంత ముందుచూపు అక్కా! తనే తెచ్చి చుట్టించేశారు. ఇదేగా మేడమ్‌కి?"

నేల తుడుస్తున్న ఆయా ఆగింది. నిజం చెబితే ఆ పెట్టె ఏ చెత్తబుట్టకో చేరుతుంది. చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది.

"ఉత్తినే ఎలా ఇస్తావు తమ్ముడూ? రిబ్బనైనా కట్టు," అంది. అతను కడుతుండగా వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చి జేబులో వేసుకుంది.

వేదిక మీద మేనేజరు "మా దగ్గర దాపరికమన్న మాటే లేదు" అంటూ ఉండగా గుమస్తా పెట్టె పట్టుకొచ్చాడు. మేనేజరుకు పొలమారింది. "అది కాదు, అది కాదు," అని చేతులూపాడు.

"మా సార్‌కి మొహమాటం ఎక్కువ మేడమ్!" అన్నాడు గుమస్తా. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

తనిఖీ అధికారిణి కాగితం విప్పింది. "ఇదేమిటండీ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మా చెయ్యి కూడా పడకుండా... తాళం కూడా తియ్యకుండా... నేరుగా మీకే అప్పగిద్దామని," అన్నాడు మేనేజరు.

"ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి బహుమతి నాకెవరూ ఇవ్వలేదు. తెరవడానికేమైనా ఉందా?"

ఆయా జేబులోంచి తీసిచ్చింది.

ముప్పై ఏడు కాగితాలు. సగానికి పైగా పిల్లల రాతే. ఆవిడ మొదటిది పైకి చదివింది: "ఆ గదిలో లైటు లేదు. ఏడిస్తే ఇంకో పది నిమిషాలు ఉంచుతారు."

ముందు వరుసలోని కోచ్ మెల్లగా లేచి తలుపు వైపు నడిచాడు. ఆరేళ్ల పిల్ల తల్లి అడ్డం నిలబడింది.

"కూర్చోండి మాస్టారూ. ఇంకా ముప్పై ఆరున్నాయి," అంది ఆ తల్లి.

సాయంత్రానికి కోచ్ పోలీసుల ముందు ఉన్నాడు. గండం గడిచిందనుకుని మేనేజరు నుదురు తుడుచుకున్నాడు.

"మీ నిజాయితీ గురించి రాసుకున్నానండీ," అంది అధికారిణి. "ఆ నెలవారీ రిజిస్టరు కూడా ఒకసారి ఇప్పించండి."

నెల తిరక్కుండా ఆ కుర్చీలోకి కొత్త మేనేజరు వచ్చాడు. పెట్టెకు కొత్త తాళం వేసి చెవి ఆయాకు ఇచ్చారు. ప్రతి శుక్రవారం తల్లిదండ్రుల ముందే ఆవిడ తెరుస్తోంది. కోచ్ గురించి ఎవరికి చెప్పాలో, ఆయా గురించి ఎవరికి చెప్పాలో రాసి గోడకు బోర్డు పెట్టారు. మేనేజరు గురించి ఎవరికి చెప్పాలన్న చోట ఇంకా ఏమీ రాయలేదు.