వన్ టౌన్‌లో ఫాసిస్టు ఎవరు?

పొద్దున్నే షాపు తెరవబోయిన గంగాప్రసాద్‌కి, షట్టర్ మీద ఎర్రరంగుతో ‘ఫాసిస్టు’ అని పెద్ద పెద్ద అక్షరాలు కనిపించాయి. విజయవాడ వన్ టౌన్ స్టీలు సామాన్ల వర్తకుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఏటా ఏకగ్రీవమే. ఆ సాయంత్రమే మళ్ళీ ఎన్నిక.

“అసలు దానర్థం ఏంటండీ?” అని, పక్కషాపు మేడ మీద అద్దెకుంటున్న లెక్చరర్ సిద్ధార్థని అడిగాడు.

“ఒకే నాయకుడు, ఒకే జాతి. ఎదురు మాట్లాడినవాడు ద్రోహి. చాలామంది పండితులు దాన్ని కుడివైపు చివరన పెడతారండీ. ఎడమా కుడీ కాదు, మూడోదారి అని ఆ ఫాసిస్టులు చెప్పుకున్నారు.”

“ఎడమవైపు కాదుగా, చాలు,” అన్నాడు హమాలీ ముఠా మేస్త్రి బసవయ్య, ఎర్ర తువ్వాలు సర్దుకుంటూ.

“కుడివైపు మేముంటాం. మాకొద్దు,” అన్నాడు గంగాప్రసాద్.

“మరెక్కడ పెడదామండీ, రోడ్డు మధ్యలోనా?” అన్నాడు పక్కషాపు ముస్తాక్.

గంగాప్రసాద్ నవ్వలేదు. రాసినవాడు దొరక్కపోతే సాయంత్రం పరువు దక్కదు. అక్షరాలు పోల్చి చూడాలన్నాడు. ప్రతి షాపు గుమాస్తా బ్రష్షు తీసుకుని, చేతికందిన సరుకు పెట్టె మీద అదే మాట రాయాలని హుకుం వేశాడు. “రాయనివాడే దొంగ!”

అందరూ రాశారు. పోలుద్దామని ఆయన కళ్ళజోడు తెచ్చుకునేసరికి పెట్టెల్లేవు.

“పార్టీ పేరు మార్కు పడ్డ పెట్టె లారీ ఎక్కాల్సిందేనండీ. అది మా ముఠా పద్ధతి,” అన్నాడు బసవయ్య.

మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్ లారీ ఆఫీసు నుంచి ఫోన్. “ఏమండీ, ఫాసిస్టు అనే పార్టీ మా ఊళ్ళో ఎవరూ లేరంటున్నారు. సరుకు ఎవరికి దించమంటారు?” ఆ వెంటనే పామర్రు వ్యాపారి. “గిన్నెలు అడిగితే తిట్లు పంపుతారా? ఇక మీ బజారులో కొనను!”

సాయంత్రం సంఘం భగ్గుమంది. “ఈసారి ఓట్లు పెడదామండీ. నేనూ నిలబడతా,” అన్నాడు ముస్తాక్.

“పోటీకి దిగాడంటే రాసింది వీడే! వీడి సభ్యత్వం రద్దు! తలుపులెయ్యండి, ఎవరూ కదలొద్దు!” అని అరిచాడు గంగాప్రసాద్.

ఎన్నిక చూద్దామని వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న సిద్ధార్థ లేచాడు.

“ఆయన కాదండీ, నేను. మా ఓనరు ముస్తాక్ గారు స్నానం మధ్యలో మోటారు కట్టేస్తే ఒళ్ళుమండి, ఆయన షట్టర్ అనుకుని చీకట్లో మీది మీద రాసేశా. తప్పు చోట రాశానని పొద్దుట్నుంచీ బాధపడ్డా. ఇప్పుడు ఆ బాధ లేదు.”