కోటు లైనింగులో దారిఖర్చు

ఆ రోజు ఉదయం కోటు మాస్టారి పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా డబ్బు కోటులో పెట్టి కుట్టేయడం, పన్నెండింటికి బయలుదేరడం, మూడింటికి విమానం ఎక్కడం. నలభై ఏళ్లుగా ఊళ్లో పెద్దమనుషులందరికీ కోట్లు కుట్టినవాడు తనకోసం కుట్టుకున్నది ఇదొక్కటే. పరాయి దేశంలో ఉన్న అక్క ఆపరేషనై మంచం మీద ఉంది. "ఒక్క పది రోజులు వచ్చి నా ఎదురుగా కూర్చోరా" అంది. వెంటనే టిక్కెట్టు కొన్నాడు.

చిక్కంతా బావతోనే. తన భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు కోటు మాస్టారు బతుకులో మొదటిసారి బావను డబ్బడిగాడు. బావ మూడు వారాలు ఆలోచించి, అడిగినదాంట్లో సగం పంపి, దానికి తోడు పొదుపు గురించి రెండు పేజీల ఉత్తరం రాశాడు. అది చేరేసరికి ఆమె లేదు. డబ్బు తిప్పి పంపేశాడు. ఉత్తరం మాత్రం ఇరవై రెండేళ్లుగా కంఠతా వచ్చు. కాబట్టి ఈ పది రోజులూ గుక్కెడు టీ తాగినా సొంత డబ్బుతోనే తాగాలి. ప్రాణం పోయినా బావ ముందు చెయ్యి చాచకూడదు.

ఆ డబ్బు ఎలా పట్టుకెళ్లాలన్న దాని మీద వారం రోజులుగా ఇంట్లో పంచాయితీ నడిచింది. బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైన తమ్ముడు, "కార్డే నయం అన్నయ్యా. పోయినా ఆపించుకోవచ్చు" అన్నాడు. ఎదురు మందుల షాపాయన, "కార్డు పనిచేయకపోతే గీరుకోడానికి కూడా పనికిరాదు. నోట్లే పట్టుకెళ్లండి, మేజోళ్లలో పెట్టుకోండి" అన్నాడు. మరదలు, "సగం అది, సగం ఇది చెయ్యండి బావగారూ" అంది. ఆ ఇంట్లో తెలివైన మాట అదొక్కటే గనక ఎవరూ పట్టించుకోలేదు.

కోటు మాస్టారికి మిషన్ల మీద నమ్మకం లేదు, మేజోళ్ల మీద అంతకన్నా లేదు. ఆయనకు నమ్మకమున్నది కుట్టు మీద. విదేశీ నోట్లన్నీ కోటు ఛాతీభాగంలో, పైగుడ్డకూ లైనింగుకూ మధ్య వరసగా పరిచాడు. జరగకుండా, చప్పుడు చేయకుండా ఒక్కో నోటుకూ నాలుగువైపులా సన్నని కుట్టు వేశాడు. మీద లైనింగు మూసి ఇస్త్రీ చేశాడు. అంత నేర్పుగా డబ్బును కుట్టగలవాడు ఊళ్లో ఇంకొకడు లేడు. కుట్టాలనుకునేవాడు కూడా లేడు.

తొమ్మిదింటికి అది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. రొమ్ముకు పలక కట్టినట్టుంది.

సాగనంపడానికి వచ్చిన మందుల షాపాయన వేలితో కోటు మీద తట్టి చూశాడు. "మాస్టారూ, విమానాశ్రయంలో మిషనుంటుంది. అందులో ఎముకలు కూడా కనబడతాయి. మీ గుండెల మీద నోట్ల వరస చూసి పక్కకు లాగి, నలుగురి ముందూ లైనింగు చింపిస్తారు."

"మేజోళ్లలో పెట్టుకుంటే కనబడదా?"

"అప్పుడైతే మేజోళ్లు విప్పిస్తారు. కోటు చిరగదు కదా."

తమ్ముడు ఇందుకోసమే వారం రోజులుగా కాచుకున్నట్టు లేచాడు. "పద అన్నయ్యా. డబ్బు మార్చే దుకాణం తెరిచే ఉంటుంది. ఈ నోట్లు వాళ్లకిచ్చేస్తే అరగంటలో కార్డులో వేసిస్తారు."

ఇంటి దగ్గరే కుట్లు విప్పి వెళ్లవచ్చు. కానీ టైము చాలదని తమ్ముడు తొందరపెట్టాడు. కోటు మాస్టారు చొక్కాజేబులో బ్లేడు వేసుకుని, కోటు ఒంటి మీదే ఉంచుకుని బయలుదేరాడు.

దుకాణంలో గాజు కౌంటరు వెనక ఒకమ్మాయి కూర్చుంది. తలుపు దగ్గర సెక్యూరిటీ గార్డు నిలబడ్డాడు. "డబ్బు ఇలా ఇవ్వండి" అంది ఆ అమ్మాయి.

"ఒక్క నిమిషం తల్లీ" అని కోటు మాస్టారు కోటు గుండీలు విప్పి, బ్లేడు తీశాడు.

వృత్తి మనిషి బ్లేడు పట్టుకునే తీరు వేరు. చెయ్యి వణకదు, కళ్లు ఎటూ చూడవు. అది చూసి గార్డు భయపడిపోయాడు. ప్రమాద గంట మోగింది. షట్టరు దబ్బున కిందికి దిగింది. కౌంటరు అమ్మాయి బల్ల కింద దూరింది. అక్కడినుంచే, "అంతా తీసుకుపోండి, నన్నేం చెయ్యకండి" అంది.

"నేను తీసుకోడానికి రాలేదమ్మా, ఇవ్వడానికొచ్చాను" అన్నాడు కోటు మాస్టారు.

"ముందు బ్లేడు కింద పడెయ్!" అని గార్డు అరిచాడు.

"పడేస్తే మొన విరుగుతుందయ్యా."

పోలీసులు రావడానికి గంట పట్టింది. వచ్చిన అధికారికి తమ్ముడు బ్యాంకు అనుభవమంతా ఉపయోగించి విషయం వివరించాడు. దాంతో మొదటికన్నా అనుమానం పెరిగింది. చివరికి అధికారి ఎదుటే లైనింగు విప్పారు. కౌంటరు అమ్మాయి ఒక నోటు దీపానికి అడ్డంగా పెట్టి చూసింది. గోడ మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడింది.

"ఇది నోటు కాదు సార్, జల్లెడ. ఒక్క చిల్లున్నా మేం తీసుకోం. వీటికి లెక్కలేనన్ని ఉన్నాయి."

"అవి చిల్లులు కావమ్మా, కుట్లు" అన్నాడు కోటు మాస్టారు. పనిని తక్కువచేసి మాట్లాడితే ఆయన ఊరుకోలేడు. "అంగుళానికి పన్నెండు. ఒక్కటి ఎక్కువుండదు, ఒక్కటి తక్కువుండదు. కావాలంటే లెక్కపెట్టుకో."

అధికారి నిజంగానే ఒక నోటు లెక్కపెట్టాడు. సరిపోయాయి. అంత పద్ధతిగా చిల్లులు పొడిచారంటే ఏదో రహస్య గుర్తు అయి ఉంటుందని ఆయనకు తోచింది. పరీక్షకు పంపాలన్నాడు. నోట్లూ, నోట్లు దొరికిన కోటూ, కోటు కోసిన బ్లేడూ మూడూ తీసుకుని రసీదు రాసిచ్చాడు. "రెండు వారాల తర్వాత రండి. విమానముందంటున్నారుగా, మీరు వెళ్లొచ్చు."

టైము ఒంటిగంట. వీధిలో కోటు లేకుండా, కోటు మాస్టారన్న పేరు మాత్రం మిగిలి నిలబడ్డాడు.

తమ్ముడికి జాలేసింది. తన సొంత డబ్బు కట్టి, అదే దుకాణంలో, అదే అమ్మాయి చేత ట్రావెల్ కార్డు చేయించాడు. ఆమె ఆ పది నిమిషాలూ కోటు మాస్టారిని వీధిలోనే ఉండమంది. తమ్ముడు బయటికొచ్చి కార్డు అన్నయ్య చొక్కాజేబులో పెట్టి, పైనించి తట్టాడు. "అన్నీ నేను చూసుకున్నాను. నిశ్చింతగా వెళ్లు."

ఆయనకు విమానం ఆఖరి నిమిషంలో అందింది.

మర్నాడు పొద్దున అవతలి దేశంలో దిగి, సూట్‌కేసు తీసుకుని, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, డబ్బులిచ్చే మిషను ముందు నిలబడ్డాడు. కార్డు లోపలికి వెళ్లింది. పిన్ నంబరు అడిగింది. తమ్ముడికి ఫోను చేశాడు.

"అది కవర్లో ఉందన్నయ్యా. కవరు నా బీరువాలో భద్రంగా ఉంది."

"నేనిక్కడుంటే అదక్కడెందుకురా?"

"కార్డూ పిన్నూ ఒకచోట ఉంచకూడదు. ముప్పై ఏళ్లు జనానికి ఇదే చెప్పాను."

"సరే, కవరు చింపి నంబరు చెప్పు."

"ఫోన్లో చెప్పకూడదన్నయ్యా. ఎవరడిగినా చెప్పకూడదు."

"ఒరేయ్, నేను నీ అన్ననిరా!"

"అలా చెప్పే మోసం చేస్తారు. మా బ్యాంకులో గోడ మీద రాయించాం."

వెనకనుంచి మరదలి గొంతు వినిపించింది. "చెప్పండీ! అక్కడ ఒంటరిగా నిలబడ్డారు పాపం." "నువ్వూరుకో, నీకు రూల్సు తెలీవు" అన్నాడు తమ్ముడు.

కోటు మాస్టారు ఫోను పెట్టేశాడు. తమ్ముడి బుర్రలో పుట్టే నంబరు ఏదై ఉంటుందో ఆలోచించి, వాడు పుట్టిన సంవత్సరం కొట్టాడు. కాదంది. వాడు రిటైరైన సంవత్సరం కొట్టాడు. కాదంది. మూడోసారి కోపం ఆపుకోలేక నాలుగు సున్నాలు కొట్టాడు. మిషను కార్డు మింగేసి, వేరే భాషలో ఏదో మర్యాదగా రాసి చూపించింది.

వెంటనే ఫోను మోగింది. "అన్నయ్యా, కవరు ఇది లాక్కుని చింపేసింది. చెప్తాను, రాసుకో."

"కార్డు పోయింది."

"అయ్యో! ఎవరు తీసుకున్నారు?"

"నీలాంటిదే. రూల్సు తెలిసిన మిషను."

బయట బావ కారుతో వచ్చి ఉన్నాడు. ఇరవై రెండేళ్లలో జుట్టంతా పోయింది, భుజాలు వంగిపోయాయి. ఇద్దరూ పలకరించుకోలేదు. సూట్‌కేసు వెనక పెట్టి కారు ఎక్కారు. అక్క ఇంట్లో మొదటి టీ ఎలా తాగాలా, తాగకపోతే అక్కకేం చెప్పాలా అని కోటు మాస్టారు తల దించుకుని ఆలోచిస్తున్నాడు. ఈ మనిషి పర్సు తీసి "ఇంద" అనే క్షణం కళ్ల ముందు కనబడుతోంది. ఆ క్షణం రాకముందే తను పోతే బాగుండునని కూడా అనిపించింది.

పార్కింగు గేటు దగ్గర కారు ఆగింది. ముందు అడ్డుకర్ర దించి ఉంది. పక్కనున్న మిషను డబ్బడుగుతోంది. బావ తన కార్డు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర దీపం. వెనక కార్లు హారన్లు మొదలుపెట్టాయి.

బావ గొంతు సవరించుకున్నాడు. ముందద్దం వైపే చూస్తూ, "ఉన్నదంతా మీ అక్క ఆసుపత్రికే అయిపోయిందోయ్" అన్నాడు. "దానికి చెప్పలేదు. ఈ పది రోజులూ ఇంటి ఖర్చు కూడా నువ్వే పెడతానని ఫోన్లో అన్నావటగా. ఆ ధైర్యంతోనే వచ్చాను."

కోటు మాస్టారు తలెత్తి చూశాడు. అన్న మాట నిజమే. అక్క బావకు చెప్పాలనే, బావ కుళ్లుకోవాలనే అన్నాడు.

"ముందు దీనికి ఇవ్వు. మిగతావి ఇంటికెళ్లాక చూద్దాం" అంటూ బావ తల తిప్పకుండానే అరచెయ్యి చాచాడు.

తన ముందు చాచాలని ఇరవై రెండేళ్లుగా కోటు మాస్టారు కోరుకున్న చెయ్యి అది. ఇవ్వనని చెప్పాలన్నా ముందు జేబులో ఎంతో కొంత ఉండాలని అప్పుడు తెలిసింది.