చీకలవంకలో స్థానికేతర చేప

నది అంటే నీళ్లుండేది అన్న అపోహ ఒక్క నదుల పక్కన బతికేవాళ్లలోనే కనిపిస్తుంది. ప్రభుత్వం దృష్టిలో నది అంటే పటం మీద నీలం గీత. గీత ఎండదు. పావగడ తాలూకాలో వానలు వరసగా మొహం చాటేసి, వేరుశనగ చేలు నేలకు అతుక్కుపోయిన ఆ ఎనభైల నడిమి కాలంలో కూడా, నిడుగల్లు దుర్గం కింద చీకలవంక అనే ఉపనది పటంలో నిండుగా పారుతూనే ఉంది.

ఈ సంగతి చీకలపల్లి ఓబక్కకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా వంకలో ఇసుక ఉందని, ఆ ఇసుకలో నడుములోతు చెలమ తవ్వితే అడుగున నీరు ఊరుతుందని, బిందె నిండేలోగా ఒక పూట గడిచిపోతుందని. అందుకే ఊళ్లో ఆడవాళ్లు పొయ్యిలు కూడా వంకలోకే తెచ్చుకున్నారు. మూడు రాళ్లు పెట్టి, సంగటి కెలుక్కుంటూ, నీళ్ల కోసం కాచుక్కూర్చునేవాళ్లు. ఇంతలో ఓబక్క కోడలు గంగక్కకు ఏడో నెల పడింది. రేపు బాలింతకూ బిడ్డకూ రోజూ వేణ్ణీళ్లు పోయాలి. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలన్న దిగులుతో ఓబక్కకు తిండి సయించడం లేదు.

ఊరి పెద్ద చిక్కన్న ట్యాంకరు కోసం తాలూకా ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. తమది నదీతీర గ్రామం, నదీతీర గ్రామానికి ట్యాంకరు పంపడమంటే నదిని అవమానించడమే. నది చచ్చిపోయిందని తమరి అభిప్రాయమైతే మరణ ధ్రువీకరణ తేవాలి. (మనుషుల విషయంలోనూ పద్ధతి ఇదే కాబట్టి ఎవరూ తప్పుపట్టలేదు.) నది చావును ధ్రువీకరించే అధికారం ఉపనదుల మత్స్య సర్వేక్షణ విభాగానిది. వంకలో స్థానిక చేపగానీ, బయటినుంచి వచ్చిన స్థానికేతర చేపగానీ ఒక్కటీ లేదని తేలితే నది పోయినట్టు లెక్క. ఆపై ట్యాంకరు.

"ఇంకేంది ఓబక్కా, వచ్చినట్టే!" అన్నాడు చిక్కన్న. "మన వంకలో చేప యాడిది? తొండలు తప్ప ఏముండాయి?"

సర్వేక్షణాధికారి దొడ్డయ్య జీపులో దిగాడు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజాన వల, చేతిలో లోతు కొలిచే కర్ర. వల వేయకుండా చేపలు లేవనడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి ఇసుక మీద వల వేశాడు. పొద్దున్నించీ లాగాడు. కొంత తుమ్మకంప, ఒక తెగిన చెప్పు పడ్డాయి. (చెప్పు స్థానికమే.) మిట్టమధ్యాహ్నానికి ఆయన మొహం వాడిపోయింది. "లేవని రాసేస్తాను, సంతకమే తరువాయి" అంటూ ఓబక్క పొయ్యి పక్కనున్న బండ మీద కూలబడ్డాడు. చిక్కన్న సంబరంగా తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

అంతా అక్కడితో అయిపోవలసింది. కానీ ఊరికి మేలు చేయబోతున్న మనిషి ఎండలో ఆకలితో కూర్చుంటే, ఉడుకుతున్న కుండ ముందు పెట్టుకుని ఓబక్క చూస్తూ ఊరుకోగలదా?

"ఇంత సంగటి తిను సామీ" అని పళ్లెంలో ముద్ద పెట్టింది. ఒట్టి ముద్ద పెట్టడానికి మనసొప్పలేదు. కోడలి నోటికి హితవుగా ఉంటుందని సంతలో కొన్న కరవాడు పొయ్యి మీద పులుసై ఉంది. ఆ ఎండు చేపలో పెద్ద ముక్క ఏరి ముద్ద పక్కన వేసింది.

దొడ్డయ్య ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకున్నాడు. ఆయన కళ్లు హాయిగా మూతలు పడ్డాయి. మళ్లీ తెరుచుకునేసరికి అవి అధికారి కళ్లు.

"ఇదేమమ్మా?"

"కరవాడు సామీ."

"అంటే చేప."

"ఔ, చేపే. ఎండబెట్టింది."

"ఎక్కడ ఉండింది?"

"ఇగో, ఈడే. ఈ పులుసులో."

"పులుసులో నీళ్లెక్కడివి?"

"యాడివేంది సామీ, ఈ వంకవే! పొద్దున్నించి కూకోని తోడినా."

చిక్కన్న పరిగెత్తుకొచ్చాడు. "సార్, సార్, అది సంతలో కొనింది! మంగళూరు కాణ్ణించి లారీలో వస్తాది!" అని అడ్డం పడ్డాడు.

"అలాగా?" అన్నాడు దొడ్డయ్య తృప్తిగా. "అయితే స్థానికేతరం."

ఆయన చెడ్డవాడు కాదు. తిన్న విశ్వాసం ఉన్నవాడే. "చూడమ్మా, వంక హద్దుల్లో, వంక నీళ్లలో చేపను కళ్లారా చూశాను, నోరారా తిన్నాను. లేదని ఎలా రాయను? ప్రభుత్వ ఉద్యోగిని, అబద్ధం రాయకూడదు" అని ఓపికగా చెప్పాడు. అనుమానం తీరడానికి రెండో ముక్కను కూడా పరిశీలించాడు. నీటి లోతు: చేప మునిగేంత. వేడి: ఎక్కువ. రుచికి ఫారంలో గడి లేకపోయినా, పక్కన ఖాళీలో 'బాగుంది' అని రాశాడు.

జీపు వెళ్లాక చిక్కన్న తల పట్టుకున్నాడు. "ఓబక్కా, ఈ పొద్దే ఒండాల్నా కరవాడు?"

"కడుపు కాలేటోనికి కూడు పెట్టేది తప్పాప్పా?" అని ఓబక్క కొట్లాటకు లేచింది గానీ అంతలోనే వెనుదిరిగింది. ఒక్క ముక్కతో కోడలి నీళ్లు పోగొట్టానే అని చెలమ గట్టున కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నది క్షేమంగా ఉందని ఉత్తర్వు వచ్చింది. అంతటితో ఆగితే అది ప్రభుత్వం కాదు. చీకలవంకలో స్థానికేతర చేప విజృంభించి స్థానిక చేపను తుడిచిపెట్టిందని తేలింది గనక (దొరికినవాటిలో నూటికి నూరూ స్థానికేతరమే), స్థానిక జాతిని వెంటనే పునరుద్ధరించాలని పై ఆఫీసు నిర్ణయించింది.

అలా, గంగక్క కాన్పయి, పుట్టిన బిడ్డను తడిగుడ్డతో తుడుస్తున్న రోజుల్లో, చీకలపల్లికి ట్యాంకరు వచ్చింది.

ఊరు ఊరంతా బిందెలతో పరిగెత్తింది. అందరికంటే ముందు ఓబక్క. జీపు దిగిన దొడ్డయ్య చేయి అడ్డం పెట్టాడు.

"ముట్టుకోవద్దమ్మా. ఇవి చేప పిల్లల నీళ్లు. నది కోసం తెచ్చాం."

"ఇంట్లో బాలింత ఉండాది సామీ! ఒక్క బిందె. చేపల్ని వడగట్టి నీకే ఇచ్చేస్తా."

"బాలింత ఈ ఊరి మనిషేనా?"

"నా కోడలు సామీ. మంగళవాడ నుంచి తెచ్చుకుంటిమి."

"అదే చిక్కు" అన్నాడు దొడ్డయ్య నిజమైన సానుభూతితో. "ఈ పథకం స్థానికేతరాలకు వర్తించదు."

తూము తెరిచారు. పడ్డ నీళ్లను పడ్డట్టే ఇసుక తాగేసింది. చేప పిల్లలు కాసేపు ఎగిరెగిరి పడి, ఊరుకున్నాయి. ఓబక్క వంగి వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో పోసుకుంది. దొడ్డయ్యకు పాత రుచి గుర్తొచ్చింది.

"ఈసారి పులుసు పెట్టవా అమ్మా?"

"పెడతా సామీ. నీళ్లు యాడుండాయి?"

ఆయన ఫారం తీశాడు. గ్రామస్థులు చేపలు వండుకోవడం స్వచ్ఛందంగా మానేశారని, సంరక్షణ ఫలించిందని రాసుకుని జీపెక్కాడు.