ఆరువేల గుడ్లు, ఇరవై నిమిషాలు

జగ్గయ్యపేటలో సూసన్ వాళ్ల వీధికి వారం మొత్తం మీద రెండు గంటలే నోరు మూతపడుతుంది. ఆదివారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా వీధి వీధంతా చర్చిలో ఉంటుంది. మిగతా నూట అరవై ఆరు గంటలూ ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంటారు. ఆ రెండు గంటల్లోంచి ఒక్క ఇరవై నిమిషాలు వాడుకుందామని సూసన్ ఆ ఆదివారం పొద్దున్నే లేచి తలస్నానం కూడా చేసింది.

సూసన్ నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరు. బడి అయ్యాక ఇంటికొచ్చి ఒక్కతే కూర్చుని సంగీతం తయారుచేస్తుంది. అందులో పాట ఉండదు, పాడేవాళ్లు ఉండరు. చుట్టుపక్కల వినిపించే చప్పుళ్లను రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లో సాగదీసి, కత్తిరించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పదహారు మీటలున్న ఓ చిన్న పెట్టె మీద వేళ్లతో వాయిస్తుంది. కంపెనీ లేదు, బృందం లేదు. 'మునేరు' అని దగ్గర్లోని ఏటి పేరు పెట్టుకుని తనే చేసి తనే ఇంటర్నెట్లో పెడుతుంది. ఐదేళ్లలో దాన్ని విన్నవాళ్లు నాలుగువందల మంది. వాళ్లలో జగ్గయ్యపేటవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లమ్మ పుల్లమ్మను ఎవరన్నా అడిగితే, "ఏదో చప్పుళ్లు చేసుకుంటది లేండి, పిల్ల మంచిదే" అని మాట తప్పించేది.

బెంగుళూరులో ఒక సంగీతోత్సవంవాళ్లు ఇలా ఒంటరిగా చేసుకునేవాళ్లను ఏటా ఎనిమిది మందిని పిలిచి వేదిక ఎక్కిస్తారు. కావలసిందల్లా ఇరవై నిమిషాల వీడియో. ఎక్కడా ఆపకూడదు, అతుకు వేయకూడదు, బయటి చప్పుడు పడకూడదు. గడువు ఆ ఆదివారం సాయంత్రం ఆరు. సూసన్ అప్పటికే రెండుసార్లు ప్రయత్నించింది. మొదటిసారి పద్దెనిమిదో నిమిషంలో దోమల మందు బండి వచ్చింది. రెండోసారి పందొమ్మిదో నిమిషంలో పక్కింటావిడ చింతపండు కోసం వచ్చింది. ఈసారి కూడా తప్పితే ఇంక ఈ పెట్టెను అటక మీద పెట్టేస్తానని సూసన్ తనకు తనే మాట ఇచ్చుకుంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గదిలో చప్పుడు గోడలకు తగిలి వెనక్కి రాకుండా ఉండాలంటే గుడ్ల ట్రేలు అంటించాలి. బయటి చప్పుడును అవి ఆపలేవు, లోపలి ప్రతిధ్వనిని మాత్రం మింగేస్తాయి. అందుకని నందిగామలో గుడ్ల హోల్‌సేలు కొట్టువాళ్లను బతిమాలి రెండువందల పాత ట్రేలు సంపాదించింది. వాటిని ఆటో బెన్ని ఆదివారం తెల్లారి ఆరున్నరకు తీసుకొచ్చాడు. సన్నగా జల్లు పడుతోందని పైన పట్టా కప్పాడు, తాడు తెగితే దొంతరలు కూలతాయని నడక వేగంతో వచ్చాడు. బెన్ని ఆటో గుంతను చూసి తప్పుకుని వెళ్లడం ఆ వీధి చూడటం అదే మొదటిసారి.

ఆ దృశ్యాన్ని వీధి మొదట్లో టీ కొట్టు రత్నబాబు కూడా చూశాడు.

"ఏం బెన్నీ, గుడ్లా? ఎవరింటికి?"

"ఏసురత్నం గారింటికి," అని బెన్ని సూసన్ తండ్రి పేరు చెప్పాడు.

"ఎన్ని ట్రేలు?"

"రెండొందలు," అని బెన్ని ముందుకు పోయాడు. ఖాళీవా, నిండినవా అని రత్నబాబు అడగలేదు. అడగనిది చెప్పడం బెన్నికి అలవాటు లేదు.

ట్రేకి ముప్పై చొప్పున ఆరువేల గుడ్లు. ఇంట్లోవాళ్లు ముగ్గురు. రత్నబాబు టీ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెళ్లి అనుకుందామంటే కార్డు రాలేదు. మరి కార్డు లేకుండా ఊరికి గుడ్లు పెట్టేదెవరు? మున్సిపల్ ఎన్నికలు వస్తున్నాయని పేపర్లో రోజూ రాస్తున్నారు. వార్డులో ఓట్లు మూడువేలు. ఓటుకు రెండు గుడ్లు. లెక్క ఇంత చక్కగా సరిపోవడం చూసి రత్నబాబుకు ఒళ్లు జలదరించింది. వెంటనే ఫోను తీసి భవానీప్రసాద్ నంబరు నొక్కాడు.

భవానీప్రసాద్ ఆ వార్డుకు రెండుసార్లు కౌన్సిలరు, మూడోసారి కూడా తనేనని నమ్మకంగా ఉన్న మనిషి. ఆయనకు మైకు అవసరం లేదు. రైతుబజారు దగ్గర మాట్లాడితే బస్టాండులో వినిపిస్తుందని పేరు. అలాంటి ఆయన రత్నబాబు చెప్పింది విని మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ఓటుకి రెండా?" అన్నాడు. "నేనింకా ఓటుకో టీ దగ్గరే ఉన్నా కదయ్యా!"

ఇక్కడ ఇంట్లో ముగ్గురూ కలిసి పది గంటలకల్లా ట్రేలు అంటించేశారు. తండ్రి ఏసురత్నం హైస్కూల్లో అటెండరుగా ముప్పై మూడేళ్లు చేసి రిటైరైనవాడు, ఏ పని అప్పజెప్పినా బెల్లు టైముకి ముగించే అలవాటు. పుల్లమ్మ గది మధ్యలో నిలబడి "సూసీ" అని పిలిచి, ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటే? నా గొంతు నాకే కొత్తగా ఉంది. మాట నోట్లోంచి వచ్చి కాళ్ల దగ్గరే పడిపోతంది."

"అదేనమ్మా కావాల్సింది."

"ఈ ఒక్క వారమే చర్చి మానడం. పాస్టరు గారు అడిగితే జొరమని చెప్పను, ముందే చెప్తన్నా," అని బైబిలు తీసుకుని పుల్లమ్మ భర్తతో బయల్దేరింది.

పదకొండుకు వీధి ఖాళీ. సూసన్ సెల్‌ఫోను స్టాండుకు బిగించి, ఊపిరి పీల్చుకుని మొదటి మీట నొక్కింది. పదకొండో నిమిషం దాకా అంత బాగా ఆమె ఎప్పుడూ వాయించలేదు. పన్నెండో నిమిషంలో మూడు కార్లు, పది బైకులు, వాటన్నిటినీ మించి ఒక గొంతు వచ్చి వాకిట్లో ఆగాయి.

"ఏసురత్నం గారూ!"

ముప్పై ఏళ్లుగా ఆ నోటితో 'ఏసురత్నం' అనిపించుకున్నవాడికి ఆరువేల గుడ్లతో 'గారు' వచ్చింది. ఆ పిలుపు వీడియోలో ఒక్క అక్షరం కూడా పోకుండా రికార్డయింది. సూసన్ కళ్లు తుడుచుకుని తలుపు తీసింది.

"నాన్న లేరండి. చర్చికెళ్లారు."

"చూశారా, ప్రచారం అక్కణ్ణుంచి మొదలెట్టాడు!" అన్నాడు భవానీప్రసాద్ తనవాళ్ల వైపు తిరిగి. "పర్లేదమ్మా, వచ్చేదాకా కూర్చుంటాం."

అరుగు మీద కూర్చున్నారు. కూర్చుని ఫోన్లు మాట్లాడారు. అది చూసి దారినపోయేవాళ్లు ఆగారు, ఆగినవాళ్లను చూసి ఇంకొందరు ఆగారు. పన్నెండున్నరకు చర్చి వదిలేసరికి వీధి మొత్తం తిన్నగా ఏసురత్నం ఇంటికే వచ్చింది. ఏసురత్నం తన వాకిట్లోకి తానే దారి అడుక్కుంటూ రావలసి వచ్చింది.

"నిలబడుతున్నారంట కదా!" అన్నాడు భవానీప్రసాద్.

"నేనాండీ? ఎక్కడండీ? నాకేం తెలవదండి."

"గట్టివాడే, అప్పుడే బయటపడడు," అని గుంపులో ఎవరో మెచ్చుకున్నారు. మాట తక్కువ మనిషి కావడంవల్ల ఏసురత్నం ఎంత కాదన్నా అది లోతైన రాజకీయంలాగే కనిపించింది. చివరికి ఆయన తెగించి ఉన్న నిజం చెప్పేశాడు.

"ప్రసాద్ గారూ, మా మీద నమ్మకముంచండి. ఆ ట్రేలు ఖాళీవండి!"

భవానీప్రసాద్ మొహం పాలిపోయింది. "ఖాళీవా? అప్పుడే పంచేశావా!"

అంతే. వాకిట్లో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీకొచ్చినయ్యా?" "మాకెక్కడొచ్చినయ్యి? మీ వైపే ఇచ్చి ఉంటారు." "మా వైపా? నీ ఇంట్లో పొద్దున పొరటు వాసనొచ్చిందిగా!" అని మొదలైంది. మధ్యాహ్నం రెండింటికి ఈ వైపువాళ్లూ ఆ వైపువాళ్లూ విడిపోయారు. మూడింటికి పై వీధివాళ్లు తమ గుడ్ల సంగతి తేల్చమని సంచులతో సహా వచ్చారు. రత్నబాబు టీ కొట్టు సామానంతా మోసుకొచ్చి గుంపు మధ్యలో స్టవ్వు వెలిగించాడు. లేని గుడ్డు కోసం అన్ని గొంతులు లేవడం జగ్గయ్యపేటలో అంతకుముందు ఎవరూ ఎరుగరు.

నాలుగయింది. వీడియో ఎక్కడానికే గంట పైన పడుతుంది. సూసన్ గుమ్మంలోకి వచ్చి, "కొంచెం నెమ్మదిగా అండీ" అంది. వినిపించలేదు. ఇంకోసారి అంది. మూడోసారి అనబోయి ఆగిపోయి లోపలికెళ్లి, పెట్టె వైర్లు పీకడం మొదలుపెట్టింది. పుల్లమ్మ అది చూసింది. ఐదేళ్లుగా ఆ పెట్టె ఎందుకో ఆమెకు తెలియదు. కూతురు దాని వైర్లను అలా చుట్టడం మాత్రం చనిపోయినవాళ్ల బట్టలు మడతపెట్టినట్టు అనిపించింది.

పుల్లమ్మ బయటికొచ్చి భవానీప్రసాద్ ముందు నిలబడింది. "రండి ప్రసాద్ గారూ. గుడ్లున్నయ్యో లేవో మీ కళ్లతో మీరే చూద్దురు గాని."

ఆయన గదిలో అడుగుపెట్టాడు. నాలుగు గోడలూ, పైకప్పూ, తలుపు వెనకా అన్నీ ట్రేలే, అన్నీ ఖాళీయే. "ఏంటమ్మా ఇదంతా?" అని తన మామూలు గొంతుతో అడిగాడు. ఆ గొంతు ఎక్కడికీ పోలేదు, అక్కడికక్కడే ఆరిపోయింది. ఆయన గొంతు సవరించుకుని "హలో" అన్నాడు. మళ్లీ అదే. జీవితంలో మొదటిసారి తన మాట తనకు తిరిగి రాకపోయేసరికి ఆయన భయపడి మెడ తడుముకున్నాడు.

"గుడ్లు లేవండి, ఎలక్షను లేదు," అంది సూసన్. "ఇరవై నిమిషాలు బయట చప్పుడు లేకపోతే చాలు. నాకు ఇంక టైము లేదండి."

భవానీప్రసాద్ వాకిట్లోకొచ్చి చెయ్యెత్తి, ఆ గదిలోని భయం ఇంకా వదలక, గుసగుసగా, "ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. ఆయన గుసగుసలాడగా ఎప్పుడూ వినని జనం ఏదో ఘోరం జరిగిందనుకుని ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. రత్నబాబు స్టవ్వు ఆర్పేశాడు. ఆయన మనుషులు వీధికి రెండువైపులా బైకులు అడ్డం పెట్టారు. పట్టినంతమంది గదిలో గోడలకు ఆనుకుని కూర్చున్నారు. మిగతావాళ్లు మెట్ల మీద, అరుగు మీద, వీధిలో కూర్చున్నారు.

సూసన్ వైర్లు మళ్లీ తగిలించి, సెల్‌ఫోనులో రికార్డింగు పెట్టి మీట నొక్కింది. మొదట చిటుక్, చిటుక్ అని చిన్న చప్పుడు. మిరపకాయ తొడిమ తుంచే చప్పుడని అక్కడున్న ఆడవాళ్లందరికీ ఒక్కసారే తెలిసింది. వాళ్ల వేళ్లు వాటంతటవే కదిలాయి. ఆ చిటుకులు పదయ్యాయి, వందయ్యాయి, వానయ్యాయి. దాని కింద నుంచి పుల్లమ్మ చాటతో చెరుగుతున్న లయ వచ్చింది. తన చేతిలో ఇంత తాళం ఉందని యాభై ఏళ్లొచ్చినా పుల్లమ్మకు తెలియదు. సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో మధ్యాహ్నం పేలే పేలుడు రోజూ వింటున్నదే. దాన్ని సూసన్ నిమిషం పొడుగునా సాగదీస్తే, భూమి నిద్రలో పక్కకు తిరిగినట్టు వచ్చి కూర్చున్నవాళ్ల ఎముకల్లోకి దిగింది. నిజం చెప్పాలంటే అది సంగీతమా కాదా అని అక్కడ ఎవరికీ అనుమానమే రాలేదు. చిన్నప్పుడు మొదటిసారి కృష్ణా నదిని నిండుగా చూసినప్పుడు నోరు ఎలా తెరుచుకుంటుందో అలా తెరుచుకుని ఉండిపోయారు.

పదిహేనో నిమిషంలో బడిగంట మోగింది. ఏసురత్నం చివరి రోజు డ్యూటీలో కొట్టినప్పుడు సూసన్ రికార్డు చేసుకున్న గంట. ఆ బళ్లోనే చదువుకున్న భవానీప్రసాద్ గభాలున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. మళ్లీ అనబోయి మళ్లీ మూసుకున్నాడు. ఏసురత్నం ముప్పై మూడేళ్లు ఆ గంట కొట్టి, కొట్టిన వెంటనే ఇంకో పనికి పరుగెత్తినవాడు. అది చివరిదాకా ఎలా మోగుతుందో ఆ రోజే విన్నాడు. విని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆఖరి చప్పుడు సన్నబడి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. ఎవరూ కదలలేదు. సూసన్ కూడా రికార్డింగు ఆపడం మర్చిపోయింది. వాకిట్లో, వీధిలో, వీధి చివరిదాకా నలభై సెకన్లు ఆ ఊళ్లో మనుషులే లేనట్టు ఉంది.

ఐదూ యాభై ఎనిమిదికి వీడియో బెంగుళూరు చేరింది. జనం గుడ్ల మాట ఎత్తకుండానే ఇళ్లకు పోయారు. భవానీప్రసాద్ చెప్పులు వేసుకుంటూ ఏసురత్నం చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు నిలబడితే చెప్పు, నేను తప్పుకుంటా. రెండు ఎలక్షన్లలో ఎంత అరిచినా ఈ వీధిని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టలేకపోయా."

"నిలబడట్లేదండి," అన్నాడు ఏసురత్నం.

"సరే, నీ ఇష్టం," అని ఆయన ఈసారి నమ్మాడు.

మూడు వారాలకు బెంగుళూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఎనిమిది మందిలో 'మునేరు' కూడా ఉంది. చివరి నలభై సెకన్లను న్యాయనిర్ణేతలు మళ్లీ మళ్లీ విన్నారట. ఫ్యాను చప్పుడు గానీ, పిట్ట కూత గానీ లేని అంత నిండు నిశ్శబ్దం ఏ పరికరంతో తయారుచేశారో చెప్పమనీ, ఇందులో పాలుపంచుకున్నవాళ్ల పేర్లన్నీ రాసి పంపమనీ అడిగారు. సూసన్ కాసేపు ఆలోచించి ఉన్నదున్నట్టు రాసింది. చాట, మిరపకాయలు: పుల్లమ్మ. బడిగంట: ఏసురత్నం. నిశ్శబ్దం: భవానీప్రసాద్.

ఉత్సవంవాళ్లు దాన్ని అలాగే అచ్చువేశారు, రత్నబాబు ఆ కాగితం టీ కొట్టు గోడకు అంటించాడు. భవానీప్రసాద్ రాజకీయ జీవితం మొత్తంలో రెండు పార్టీలవాళ్లూ మెచ్చుకున్న సేవ అదొక్కటే.