ముగ్గురు చెప్పిన వాన

పొద్దున ఆబిడ్స్‌లో చాయ్ తాగి, నాంపల్లి మైదానం దాకా నడిచి, ఆకాశం చూసి, ఫోన్‌లో ఒక బటన్ నొక్కాలి. జ్ఞానశేఖర్‌కు ఆ రోజు పని అంతే. సాయంత్రం అదే మైదానంలో అతని భార్య యూనీస్ బృందం తొలిసారి కచేరీ చేయబోతోంది.

కచేరీ ఒప్పందం బ్లాక్‌చైన్ మీద, అంటే ఎవరూ దిద్దలేని కంప్యూటర్ ఖాతాలో ఉంది. వాన పడితే ఆ ఒప్పందమే కచేరీని రద్దు చేసేస్తుంది. కానీ పాపం దానికి కళ్లు లేవు. బయటి సంగతి తెలియాలంటే ఒరాకిల్ నెట్‌వర్క్‌ను అడుగుతుంది. నెట్‌వర్క్ జ్ఞానశేఖర్‌తో కలిపి ముగ్గురిని విడివిడిగా అడిగి, ఎక్కువమంది మాటే నిజమని రాసుకుంటుంది. మిగిలిపోయినవాడు అబద్ధాలకోరు, వాడి ఉద్యోగం పోతుంది. జ్ఞానశేఖర్‌కు ఎప్పుడూ అదే భయం.

ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు, తమ పని సంగతి ఇంట్లో కూడా చెప్పకూడదు. అయినా ఉండబట్టలేక కోఠిలో ఉన్న రెండో మనిషి సౌభాగ్యకు ఫోన్ చేశాడు. "అమ్మా, గొడుగు పట్టుకపోవాల్నా?"

ఈయన దగ్గర వాన మొదలైందనుకుంది సౌభాగ్య. ఆమెకూ ఉద్యోగం మీద భయమే. వెంటనే బషీర్‌బాగ్‌లో ఉన్న మూడో మనిషి వామన్‌రావుకు చెప్పింది. ఆయన హడావుడిగా జ్ఞానశేఖర్‌కు ఫోన్ కొట్టాడు.

"శేఖర్ సాబ్, వానంట గదా! సౌభాగ్య చెప్పింది. మేమిద్దరం వాన అనే కొడుతున్నం. జర చూసుకోండ్రి, మీరొక్కరే అయితరు."

ఆబిడ్స్‌లో ఎండ మండిపోతోంది. నాంపల్లి వెళ్లి చూస్తే సంగతి తెలిసిపోతుంది. తెలిస్తే నిజం చెప్పాల్సి వస్తుంది. జ్ఞానశేఖర్ వెళ్లలేదు. ఉన్నచోటి నుంచే "వాన" నొక్కేశాడు.

కాసేపటికే యూనీస్ ఫోన్. "ఏమండీ, కచేరీ రద్దయిందంట! గీడ ఎండకు కుర్చీలు కాలుతున్నయ్. వాన పడ్డదని ఎవడు చెప్పిండు?"

"కనుక్కుంట" అన్నాడు.

అతను పరుగున మైదానం చేరేసరికి యూనీస్ ఫిర్యాదు పెట్టేసింది. ఒప్పందం మళ్లీ నెట్‌వర్క్‌ను అడిగింది. నెట్‌వర్క్ మళ్లీ ఆ ముగ్గురినే అడిగింది. జ్ఞానశేఖర్ ఫోన్ మోగింది. తెర మీద "నాంపల్లిలో వాన పడిందా?" అన్న ప్రశ్న చూసి యూనీస్ అతని వైపు తిరిగింది.

"మీరా?"

ఆమె కళ్లనిండా నీళ్లు. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా పెద్ద భయం ఒకటుందని జ్ఞానశేఖర్‌కు అప్పుడు తెలిసింది. గుండె దిటవు చేసుకుని "పడలేదు" నొక్కాడు.

అతను మాట మార్చడని నమ్మిన మిగతా ఇద్దరూ మళ్లీ "వాన" నొక్కారు. రద్దు ఖాయమైంది.

మిట్టమధ్యాహ్నం, పొడి నేల మీద నిలబడి అబద్ధం చెప్పినందుకు జ్ఞానశేఖర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు.