ఫెర్మీన్ కొన్న నల్ల బ్యాట్

ఆ శుక్రవారం పొద్దున ఫెర్మీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాడెల్ అంటే అద్దాల గోడల మధ్య జోడీలుగా ఆడే టెన్నిస్‌లాంటి ఆట; భోజనాల వేళ దాని బ్యాట్ ఒకటి కొనాలి, శనివారం ఆఫీసు ఆటలో నాలుగు బంతులు కొట్టాలి, అంతే. స్పెయిన్‌లో, అతను పనిచేసే అల్బాసెతె భూరికార్డుల ఆఫీసులో డిప్యూటీ పదవి ఖాళీగా ఉంది. కొత్త మేనేజరు బెగోన్యా కాఫీ తాగుతూ "పాడెల్ ఆడతారా?" అని అడిగితే, జన్మలో బ్యాట్ పట్టని ఫెర్మీన్ "పదేళ్లుగా" అనేశాడు.

దుకాణంలో అమ్మాయి గుండ్రటి, మెత్తటి బ్యాట్ చేతికిచ్చింది. "కొత్తవాళ్లకి ఇదే మంచిదండీ. ఎక్కడ తగిలినా బంతి వెళ్తుంది."

"ఎవరు కొత్తవాళ్లు?" ఫెర్మీన్ గయ్యిమన్నాడు. "మొనగాళ్లు వాడేది తియ్యి."

ఆమె వజ్రం ఆకారంలో ఉన్న నల్ల బ్యాట్ తీసింది. చెక్కపీటలా బరువుగా, గట్టిగా ఉంది. "ఇది సరిగ్గా తగలకపోతే మోచెయ్యి పోతుందండీ."

"నా మోచెయ్యి, నా ఇష్టం."

ఆఫీసులో ఆ బ్యాట్ చూడగానే బెగోన్యా మొహం వెలిగిపోయింది. "అరె, నాదీ ఇదే! అయితే మీరే నా జోడీ. అవతల రికార్డు గది కసిల్డా, గేటు దగ్గరి లుపెర్సియో. రేపు పన్నుల శాఖ వాళ్లనీ చూడ్డానికి పిలుస్తా!"

ఫెర్మీన్ తప్పించుకునే దారి వెతికి, శనివారం మోచేతికి పట్టీ చుట్టుకుని వెళ్లాడు. "నొప్పి..." అని మొదలుపెట్టేలోపే లుపెర్సియో దండం పెట్టేశాడు. "ఎంత ఆడితే వస్తుందండీ ఆ నొప్పి!"

ఇక ఆడక తప్పలేదు. మొదటి బంతి ఫెర్మీన్ బ్యాట్ అంచుకి తగిలి, అద్దాల గోడ దాటి, పక్క బారులో పన్నుల శాఖ పెద్దాయన ఆలివ్ పళ్ల పళ్లెంలో పడింది. రెండోది అద్దానికి కొట్టుకుని వచ్చి అతని వీపునే వాయించింది. మూడోదానికి మోచెయ్యి నిజంగానే కలుక్కుమంది. ఇక మేడమే గట్టెక్కించాలి అనుకుని చూస్తే, బెగోన్యా బంతి వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటోంది.

కసిల్డా, అరవై ఏళ్ల మనిషి, పాత గుండ్రటి బ్యాటుతో చెమట పట్టకుండా రెండు సెట్లూ ఆరు–సున్నాతో ముగించింది. డిప్యూటీ పదవికి ఆవిడా దరఖాస్తు పెట్టుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసింది ఆవిడ ఒక్కదానికే.

బెంచీ మీద కూలబడ్డాక ఫెర్మీన్ గొణిగాడు. "మేడం... నేనెప్పుడూ ఆడలేదు."

బెగోన్యా చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నేను మాత్రం ఆడానా? పై ఆఫీసరు అడిగితే ఆడతానన్నా. మీరు లాక్కొస్తారనుకున్నానయ్యా!"

ఉద్యోగం మీద ఆశ వదిలేసుకుని, చెయ్యి మెడకి కట్టుకుని ఫెర్మీన్ ఇంటికి పోయాడు.

సోమవారం ఉత్తర్వులు వచ్చాయి. కసిల్డాకి ఆటలో గెలిచినందుకు ఒక కప్పు, ఫెర్మీన్‌కి డిప్యూటీ పదవి. అర్హతల గడిలో బెగోన్యా స్వయంగా రాసింది: "తెలియని పనిని కూడా ధైర్యంగా చేపట్టగలరు."